సారుకొక పిడికెడు

మొన్న మా ఇంటి ముందు తెల్ల కారు ఒకటి ఆగి, అందులోంచి అనంతయ్య పటేల్ దిగాడు. ఎనభై దాటిన మనిషి. రెండు కళ్లకూ పొరలు కమ్మాయి. కొడుకు మోహన్ దారి చెబుతుంటే ఒక్కొక్క అడుగే వేసుకుంటూ మా చర్చి వాడలోకి వచ్చాడు. ఒకప్పుడు మా ఊరికి ఆయనే పోలీసు, ఆయనే కోర్టు. అయినా మా వాడలో కాలు పెట్టడం మాత్రం నా ఎరుకలో ఇదే మొదలు. ఆయనకు నాతో పని పడింది. చేవెళ్ల రోడ్డుకు దగ్గర్లో ఆయన తాతల నాటి పొలం ఒకటి, పక్కనున్న సర్కారు భూమి నంబరుతో కలిసిపోయి కంప్యూటర్లో నిషేధిత జాబితాకు ఎక్కింది. అమ్మడానికి లేదు, కొడుకు పేర రాయించడానికి లేదు. ఆ పొలం మొదటినుంచీ వీళ్ల సాగులోనే ఉన్నదని గట్టు పక్క రైతు వాంగ్మూలం రాసిస్తే తప్ప ఫైలు కదలదని చెప్పారట. ఆ గట్టు పక్క రైతును నేను. మోహన్ అంతకుముందే మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ టీ ఇచ్చి, "మీ నాయనను తోల్కరా" అని పంపించాను. ముసలాయన తడుముకుంటూ మా వాకిట్లోకి వస్తుంటే జాలి కలుగుతుందేమోనని నన్ను నేను ఒకసారి చూసుకున్నాను. కలగలేదు. నేను క్షమించే రకం మనిషిని కాను. ఈ ముక్క ముందే చెప్పేస్తే చదివేవాళ్లకూ నాకూ సుఖం.

కుర్చీలో కూర్చున్నాక ఆయన నా గొంతు వచ్చిన వైపు తల తిప్పి, "నువ్వు సంతోషమ్మ బిడ్డవు కద. రూతమ్మవు. సర్కారు నౌకరి చేసినవంట, మంచిగైంది" అన్నాడు.

"సదానందం సారు యాదికున్నడా పటేలా?" అని అడిగాను.

"ఏ సదానందం?"

"తహసీల్దారు. కంచెల మమ్ముల నిలబెట్టినాయన."

ఆయన నిజంగానే ఆలోచించాడు. నాటకమైతే నాకు తెలిసేది. ముప్పై ఏళ్లు రెవెన్యూ ఆఫీసుల్లో పనిచేసి, టైపిస్టుగా మొదలై సూపరింటెండెంటుగా దిగిపోయినదాన్ని, అబద్ధం చెప్పేవాళ్ల ముఖాలు నాకు కొత్త కాదు. "శానమంది వచ్చిన్రు, పోయిన్రు బిడ్డా. అందరు మంచోళ్లే" అన్నాడు చివరికి. నేను టీ పెట్టే నెపంతో వంటింట్లోకి వెళ్లి పొయ్యి ముందు నిలబడ్డాను. ఇన్నేళ్లుగా నేను మోస్తున్న పగ ఆయన దగ్గర పేరుకు కూడా మిగల్లేదు. పాలు పొంగి పొయ్యి మీద పడేదాకా నేను ఈ ఇంట్లో లేను, మా పాత ఇంట్లో ఉన్నాను.

మా అమ్మను మేము అవ్వ అనేవాళ్లం, నాయనను బాపు. బాపు నా చిన్నప్పుడే పోయాడు. గండిపేట దిక్కు ఎక్కడో గోడ కడుతుండగా మీద కూలిందన్నారు. నాకు ఆయన తలపాగా తప్ప ముఖం గుర్తులేదు. ఇల్లంటే ఒకే అర్ర, దాని ముందు తాటికమ్మల చూరు. పొద్దుగాల కళ్లు తెరిచేసరికి పిడకల పొగ, దాని వెనుక పెంక మీద కాలుతున్న జొన్న రొట్టె వాసన. అవ్వ రొట్టె తట్టే చప్పుడే మాకు గడియారం. ఆ చప్పుడు ఆగిందంటే లేవాల్సిందే. పచ్చిపులుసు కోసం ఎండుమిర్చి నిప్పుల మీద కాల్చినప్పుడు ఇంటిల్లిపాదీ దగ్గేవాళ్లం, పక్కింటివాళ్లు కూడా దగ్గేవాళ్లు, ఎవరూ ఏమీ అనుకునేవాళ్లు కాదు. అన్నం మాత్రం ఆదివారం, పండుగలకు, రేషను బియ్యం వచ్చిన వారంలో ఒకటి రెండు రోజులు. అవ్వ వంటకు గింజలు తీసినప్పుడల్లా ముందు ఒక పిడికెడు తీసి చిన్న కుండలో వేసేది. అది దేవునిది. మా వాడలో ప్రతి ఇంట్లోనూ ఆ కుండ ఉండేది. ఆదివారం ఆరాధనకు వెళ్లేటప్పుడు ఆడవాళ్లంతా ఆ గింజలను కొంగున కట్టుకుని పోయి చర్చిలో పోసి వచ్చేవాళ్లు. ఇంట్లో తినడానికి లేని రోజుల్లో కూడా ఆ కుండ జోలికి పోకూడదు. ఒకసారి ఆకలికి నేను అందులో చెయ్యి పెడితే అవ్వ కొట్టలేదు, తిట్టలేదు. "దేవుడు ఏమనడు గని, నాకు మంచిగనిపియ్యదు" అని మాత్రం అన్నది. ఆమె కోపం అంత మెత్తగా ఉండేది. నాకు ఆ గుణం రాలేదు.

మా ఊరు చేవెళ్లకూ ఆలూరుకూ నడుమ, రోడ్డు మీదినుంచి లోపలికి. ఊరి పక్కన కంచె అనే సర్కారు భూమి ఉండేది. తాతల నాటినుంచీ దాన్ని మా వాడవాళ్లే రాళ్లు ఏరి, కంపలు కొట్టి, దున్ని జొన్నలు, కందులు వేసేవాళ్లు. పంటలో సగం పటేల్ ఇంటికి పోయేది. ఎందుకంటే పహాణీ అనే సర్కారు పుస్తకంలో సాగు చేసేవాడి పేరు రాసే చోట పటేల్ పేరే ఉండేది. భూమి సర్కారుది, చెమట మాది, పేరు ఆయనది. ఇది అన్యాయమని మాలో ఎవరికీ తట్టేది కాదు. వాన పడటం ఎట్లాగో ఇది కూడా అట్లాగే అనుకునేవాళ్లం.

అప్పుడు వచ్చాడు సదానందం సారు. సన్నగా, పొడుగ్గా, మోచేతుల దాకా మడిచిన తెల్లంగీతో. కరీంనగర్ దిక్కు మనిషి. పెళ్లి కాలేదనేవాళ్లు కొందరు, భార్య పోయిందనేవాళ్లు కొందరు. కొత్తగా వచ్చిన ఏ ఆఫీసరైనా మా ఊరికి వస్తే మొదటి భోజనం పటేల్ ఇంట్లో చేయాలి. అది ఆనవాయితీ. ఆ రోజు కూడా పటేల్ మేకను కోయించాడు. సారు పన్నెండు గంటలకు మోటరు సైకిలు మీద వచ్చి, రోడ్డు పక్క మోరీ గట్టు మీద కూర్చుని, సంచిలోంచి డబ్బా తీసి, రెండు జొన్న రొట్టెలు ఉల్లిగడ్డతో నంజుకుని తిన్నాడు. పిలవడానికి వచ్చిన మనిషితో, "నాకు ఊర్లల్ల తినే అలవాటు లేదు, పటేల్ గారికి చెప్పు" అన్నాడు. ఊరంతా చూసింది. తర్వాత నడుచుకుంటూ మా వాడకు వచ్చి, మా ఇంటి ముందు నిలబడి, "అవ్వా, జరన్ని మంచినీళ్లియ్యి" అన్నాడు. అవ్వ చెంబు ఇవ్వాలో వద్దో తెలియక నా ముఖం చూసింది. ఆయన చెంబు ఎత్తి గటగటా తాగేశాడు. అవ్వ "నీ బాంచెన్ సారు" అని వంగితే ఆయన ముఖం నల్లబడింది. "ఆ మాట నా ముందట అనొద్దు. నేను సర్కారు దగ్గర జీతం తీస్కొని మీకు పనిచేసెటోణ్ణి" అన్నాడు. ఆ మాట మాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. మూడేళ్లలో ఆయన ఎవరింట్లోనూ నీళ్లు తప్ప ఇంకేదీ ముట్టలేదు. టీ కూడా తాగలేదు.

ఆయన పద్ధతి ఒకటుండేది. పాత పుస్తకాలు ముందు తెరిచేవాడు కాదు. ఒకరోజు వచ్చి వాడంతటికీ చెప్పాడు: "రేపు పొద్దున మీరు దున్నే చెలకల మీరే నిలబడాలె. కాగితాలేం వద్దు. మనిషి వస్తె చాలు." తెల్లారేసరికి మా వాళ్లంతా స్నానాలు చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని, ఎవరి చెలకలో వాళ్లు నిలబడ్డారు. అవ్వ ఆరాధనకు కట్టే తెల్లచీర కట్టింది. పటేల్ తక్కువ తిన్నవాడా, ప్రతి చెలకలోనూ తన పాలేరు ఒకణ్ణి నిలబెట్టాడు. సారు గట్ల మీద నడుచుకుంటూ వచ్చాడు. ఒక్కో చెలకలో ఇద్దరు మనుషులు. ఆయన విసుక్కోలేదు. మా చెలక దగ్గర ఆగి, పాలేరును, "కండ్లు మూస్కో. పెద్దవాన పడితె నీళ్లు ఏ మూలకు నిలుస్తయి?" అని అడిగాడు. వాడు, "అంతట నిలుస్తయి సారు" అన్నాడు. తర్వాత అవ్వను అడిగాడు. అవ్వ కళ్లు మూసుకునే చెప్పింది: "నిలువయి సారు. తూర్పు గట్టుకు ఎలుక బొక్క ఉన్నది. ఎన్నిసార్లు మూసినా మల్ల తొవ్వుతయి. నీళ్లన్ని ఆడికెల్లి పటేల్ చెలకల వడతయి." సారు వెళ్లి గట్టు చూసి, నవ్వుకుంటూ వచ్చి రాసుకున్నాడు. మగవాళ్ల పేరు అడగలేదు. నిలబడినదాని పేరే రాశాడు. నాలుగు నెలలకు మా అవ్వ సంతోషమ్మ పేర పట్టా కాగితం వచ్చింది. ఆమె దాన్ని బైబిల్లో పెట్టి, బైబిల్ను గుడ్డలో చుట్టి, గుడ్డను పెట్టెలో పెట్టింది.

అక్కడినుంచి సారు పేరు మోగింది. పక్క తాలూకాల ఆఫీసర్లు వచ్చి ఈ నిలబెట్టే పద్ధతి చూసి పోయారు. పేపర్లో ఫోటో పడింది. పెద్ద కలెక్టరు జీపులో వచ్చి, మా గట్ల మీద నడిచి, సారు భుజం తట్టాడు. మొయినాబాద్ సంతలో కూడా జనం ఆయన్ను గుర్తుపట్టి "నిలబెట్టే సారు" అనేవాళ్లు. త్వరలో పెద్ద పదవిలో వేస్తారని చెప్పుకున్నారు. నేను హైస్కూలు మానేస్తానంటే అవ్వను పిలిచి, "ఈ పిల్లను బడి మాన్పిస్తె నేను మీ ఇంట్ల నీళ్లు గుడ తాగ" అన్నాడు. నేను మానలేదు. ఈ రోజు నేను తినే పింఛను అన్నంలో ఆ మాట ఉన్నది.

ఇంత చేసినవాడికి మేము ఏమివ్వాలి? ఆయన ఏదీ తీసుకోడు. కోడిని పట్టుకుపోతే కోపం చేశాడు. సొరకాయ పంపితే తిప్పి పంపాడు. మా వాడవాళ్లకు కృతజ్ఞత చెప్పుకోవడం ఒక్క తీరుగానే వచ్చు. అవ్వ పొయ్యి దగ్గర ఇంకో కుండ పెట్టింది. దేవునికి ఒక పిడికెడు, సారుకొక పిడికెడు. వారం తిరిగేసరికి వాడలో ప్రతి ఇంట్లోనూ రెండో కుండ వెలిసింది. దేవుడికైతే జొన్నలైనా కొర్రలైనా నడుస్తుంది గాని సారుకు మాత్రం బియ్యమే తీయాలని ఆడవాళ్లు కట్టు పెట్టుకున్నారు. ఈ విషయంలో దేవుడికి కొంచెం అన్యాయం జరిగిందనే చెప్పాలి. మేము ఆదివారం తినే ఆ కొంచెం అన్నంలోంచే ఆ పిడికెడు పోయేది. నాకు బాధ అనిపించలేదు. కుండలో బియ్యం ఎంత ఎక్కిందో రోజూ తొంగి చూసేదాన్ని. కోతల పండుగ నాటికి రెండు బస్తాలైంది. ఆ పండుగకు తొలి పంట చర్చికి తీసుకుపోవడం మా ఆచారం. ఆ ఏడు చర్చికి పోయింది పోగా, ఈ రెండు బస్తాలు సారు ఇంటి అరుగు మీద పెట్టి రావాలని ఆడవాళ్లు నిశ్చయించారు. ఆయనకు ముందు చెప్తే వద్దంటాడు కాబట్టి చెప్పకూడదు, ఆయన ఆఫీసులో ఉన్న వేళ చూసి పోవాలి. మా తెలివి అంతవరకే పనిచేసింది.

బస్తాలు మోయడం ఎట్లా అని తర్జనభర్జన పడుతుంటే, అనంతయ్య పటేల్ వాడ మొదటి దాకా వచ్చి, బయటే నిలబడి అవ్వను పిలిపించాడు. "సంతోషమ్మా, సారుకు గింజలు తీస్కపోతున్నరంట. మంచి పని. గసొంటి ఆఫీసరు మల్ల రాడు. నా బండి తోల్కపోండ్రి." అన్నాడు. అవ్వ నమ్మింది. అందరూ నమ్మారు. పటేల్ మనసు మారిందని, ఇదంతా ప్రార్థనల ఫలితమని పాస్టరుగారు కూడా అన్నారు. మరునాడు పట్టపగలు పటేల్ పొలంలోంచి పటేల్ ఎడ్లు, పటేల్ బండి వచ్చాయి. బస్తాల మీద బంతిపూలు పెట్టి, బండి వెంట ఆడవాళ్లు స్తుతిపాటలు పాడుకుంటూ నడిచారు. బస్తాల మధ్య నేను కూర్చున్నాను. రోడ్డు పొడుగునా హోటళ్ల దగ్గర, బస్టాండు దగ్గర జనం ఆగి చూశారు. ఏమిటని అడిగిన ప్రతివాడికీ మేమే చెప్పాం: సారు మాకు భూమి ఇచ్చిండు, సారుకు బియ్యం తీస్కపోతున్నం. అందరికంటే గట్టిగా నేనే చెప్పాను. సారు కిరాయికి ఉండే ఇంటికి తాళం వేసి ఉన్నది. అరుగు మీద బస్తాలు పెట్టి వచ్చేశాం.

పొద్దుగూకే వేళకు సారు ఇల్లు చేరి, వాటిని చూసి, అప్పటికప్పుడు మనిషిని పంపాడట, రేపు పొద్దున వచ్చి తీసుకుపొమ్మని. మా మగవాళ్లు పొద్దున పోయేసరికి అరుగు ముందు జీపు ఆగి ఉన్నది. పైనుంచి వచ్చినవాళ్లు బస్తాలకు లక్కముద్రలు వేస్తున్నారు. పట్టాలిచ్చిన ప్రతి ఇంటినుంచీ రోజూ గింజలు వసూలు చేస్తున్నాడని సారు మీద అర్జీ. దేవుని పేరు చెప్పి చర్చిలో పోగు చేయిస్తున్నాడని అందులోనే ఇంకో మాట.

ఎంక్వయిరీ మా ఊరి బడిలో జరిగింది. పాస్టరుగారు మా వాళ్లందరికీ, నిజమే చెప్పండి, నిజం చెప్తే సారుకు మేలైతది అన్నారు. మా వాడలో దానికి వేరే బోధ అక్కర్లేదు. అవ్వ మళ్లీ తెల్లచీర కట్టింది. నేను కిటికీ చువ్వలు పట్టుకుని బయట నిలబడ్డాను. ఎంక్వయిరీకి వచ్చిన ఆఫీసరు తల ఎత్తకుండా అడిగాడు.

"తహసీల్దారుకు బియ్యం ఇచ్చినవా?"

"ఇచ్చిన సారు." అవ్వ గొంతులో గర్వం నాకు ఇప్పటికీ వినబడుతుంది.

"ఎన్ని రోజుల సంది?"

"పట్టా చేతికొచ్చిన్నాటి సంది. అన్నం వండినప్పుడల్ల పిడికెడు."

"పట్టా ఇచ్చినందుకే ఇచ్చినవా?"

"గందుకే. ఇంకెందుకిస్త?"

"సరే, వేలిముద్ర వెయ్యి."

అవ్వకు అప్పుడు ఎక్కడో అనుమానం తగిలింది. "సారుకు ఎరుకలేదు. ఆయన ఇంట్ల లేని యాల్ల చూసి పెట్టొచ్చినం" అన్నది. ఆయన కాగితం ఆమె వైపు జరిపి, "అడిగిందానికే చెప్పు" అన్నాడు. ఆమె వెనుక వరుసలో నిలబడ్డ ఆడవాళ్లంతా అదే మాట చెప్పారు, ఒకరికంటే ఒకరు ఎక్కువ గర్వంగా. ఒకావిడైతే తాను రెండు పిడికిళ్లు తీశానని చెప్పింది. అది నిజం కూడా కాదు, పోటీకి చెప్పిన మాట. ఆ సాయంత్రానికి మా సొంత నోళ్లతో మేము సారును ముంచేశాం.

సారును సస్పెండు చేశారు. ముద్రలు తీసి బస్తాలు విడిచిపెట్టడానికి ఇంకో నెల పట్టింది. అప్పుడు ఆయనే ఒక బండి కిరాయికి మాట్లాడి, రెండు బస్తాలూ మా వాడకు తెచ్చి చర్చి ముందు దింపించాడు. ఎవరి గింజలు ఎవరివో తెలియదు కాబట్టి ఆడవాళ్లు ముట్టుకోకుండా నిలబడి ఏడ్చారు. సారు మా ఇంటికి వచ్చాడు. అవ్వ బయటికి రాలేదు. అర్రలో గోడకు ముఖం పెట్టుకుని కూర్చున్నది. ఆయన గడప దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చి, నేల మీద కూర్చున్నాడు.

"అవ్వా, నాకు ఆకలైతున్నది. అన్నం పెట్టు."

అవ్వ తిరిగి చూసింది. "నువ్వు ఎవరింట్ల తినవు కద సారు."

"అప్పుడు ఆఫీసర్ను. ఇప్పుడు కాదు. తినొచ్చు."

నేను పరుగెత్తి బస్తాలోంచి కొంగు నిండా బియ్యం తెచ్చాను. అవ్వ ఏడుస్తూనే కడిగి పొయ్యి మీద పెట్టింది. అన్నం, పచ్చిపులుసు, ఇంత మామిడికాయ తొక్కు. ఆయన రెండుసార్లు అడిగి పెట్టించుకున్నాడు. తింటున్నంతసేపూ నా చదువు సంగతి అడిగాడు గాని తన సంగతి ఎత్తలేదు. చెయ్యి కడుక్కుంటూ అవ్వతో, "తప్పు నీది కాదు. పట్టా ఎవరికీ వాపసు ఇయ్యకు" అన్నాడు. అంతే, పోయాడు. మళ్లీ మేము చూడలేదు.

ఆయన పోగానే పటేల్ మనుషులు ఇంటింటికీ తిరిగారు. లంచమిచ్చి తెచ్చుకున్న పట్టాలు, మిమ్మల్ని జైల్లో వేస్తారు, కాగితాలు ఇచ్చేస్తే పటేల్ మాట్లాడి తప్పిస్తాడు. భయపడి ఒక్కొక్కరే ఇచ్చేశారు. కొందరు ఊరే విడిచి పట్నం పోయారు. అవ్వ ఇవ్వలేదు. ఆ చెలకలో ఆమె ముసలిదై వంగిపోయేదాకా పనిచేసింది. కాని ఆ రోజునుంచీ ఇంకొకరికి మేలు చేయాలంటేనే ఆమెకు భయం పట్టుకుంది. దేవుని కుండ కూడా నన్నే తీయమనేది, తన చేతితో తీసేది కాదు. "నా నోటితోనే చెప్పిన బిడ్డా" అనేది, ఏ పనిలో ఉన్నా ఉన్నట్టుండి. కందులు చెరుగుతూ అనేది, నా పెళ్లినాడు చర్చిలో అన్నది, దవాఖానలో చివరి రోజుల్లో నర్సుతో కూడా అన్నది. ఏమంటున్నదో ఆమెకు అర్థం కావడం లేదా అని నర్సు నన్ను అడిగింది. అర్థమయ్యే అంటున్నది అని చెప్పాను.

అవ్వను మట్టి చేసిన రెండు నెలలకు నాకు బదిలీ అయింది. కొత్త ఆఫీసులో రికార్డు రూము సర్దే పని నాకు వేశారు. చెదలు తిన్న కట్టల మధ్య సదానందం సారు ఫైలు దొరికింది. నేల మీద కూర్చుని మొత్తం చదివాను. ఆయన తప్పేమీ లేదని చివరి కాగితంలో రాశారు, ఆయన రిటైరు కావలసిన ఏడు. అప్పటికే ఆయన పోయాడని దాని కింద ఇంకో చిన్న చీటీ. మొదటి కాగితం అర్జీ. రెండు బస్తాల బియ్యం అరుగు మీద ఉన్నవి, వచ్చి పట్టుకోండి అని రాసి ఉన్నది. కింద అనంతయ్య పటేల్ సంతకం. తేదీ చూశాను. మళ్లీ చూశాను. మేము బండి మీద బస్తాలు ఎక్కించడానికి ఒక రోజు ముందటి తేదీ. మా అవ్వ నోరు తెరవకముందే, ఎడ్లు కట్టకముందే, ఆ బియ్యం ఎక్కడ ఉండబోతున్నదో ఆయన రాసేశాడు. రెండు నెలల ముందు ఈ కాగితం నాకు కనబడి ఉంటే అవ్వకు చూపించేదాన్ని. ఆమె తన నోటిని తిట్టుకోకుండా పోయేది. ఆ రెండు నెలలు నాకు ఎవరు తెచ్చిస్తారు? పగ అంటే ఏమిటో నాకు ఆ రికార్డు రూములో తెలిసింది. అర్జీ నకలుతోపాటు దాన్ని ఇంటికి తెచ్చుకుని ఇన్నేళ్లు సాకాను.

ఇప్పుడు మా చెలక ఒక్కటి తప్ప ఆ కంచె లేదు. మోకిల దిక్కున ఎట్లాగైతే గోడలు లేచి, గేట్లు పడి, ఒకే రంగు ఇళ్లు వరుసగా వచ్చాయో ఇక్కడా అట్లాగే వచ్చాయి. మా వాళ్లు నిలబడిన చోట నీలం నీళ్ల ఈతకొలను ఉన్నది. మా వాడ పిల్లలు ఆ గేట్ల దగ్గర వాచ్‌మెన్లుగా కుర్చీలో కూర్చుని, వచ్చే ప్రతి కారుకూ లేచి నిలబడతారు. చర్చి పెద్దదైంది, సౌండు బాక్సులు పెట్టారు. కానుక వేయడానికి ఫోను చూపిస్తే చాలు. కుండ అంటే మా మనవరాలికి మొక్క పెట్టేది. అప్పటి ఆకలి మంచిదని నేను అనను, నాకు అంత మతిమరుపు రాలేదు. కాని అప్పుడు ఒక్క మనిషి గట్టు మీద నడిచి వచ్చి చూసి రాస్తే మా అవ్వ పేరు పుస్తకంలోకి ఎక్కింది. ఇప్పుడు చూడకుండానే పేర్లు ఎక్కుతున్నవి, దిగుతున్నవి. ఈ కాలం అనంతయ్య పటేల్‌ను కూడా కాటేసింది. అందులో నాకు దాచుకోలేనంత సంతోషం ఉన్నది.

టీ ఇచ్చి, నేను బల్ల ముందు కూర్చుని రాశాను. తండ్రీకొడుకులు ఫ్యాను కింద కూర్చుని ఎదురుచూశారు. ఒక పేజీ తీసి పారేసి మిగతాది పెట్టుకునే వీలు లేకుండా రాయడం నేను ఉద్యోగంలో నేర్చిన విద్య. పొలం ఆయనదే అనే మాటా, ఆయన చేసిన పని మాటా ఒకదానిలో ఒకటి అల్లి రాశాను. రాసిన ప్రతి అక్షరం నిజం. అడుగున సంతకం పెట్టి మోహన్ చేతికిచ్చాను. "మీ నాయనకు కండ్లు కనబడయి. గట్టిగ చదువు" అన్నాను.

మోహన్ మంచివాడు. ఎక్కడో కంపెనీలో పనిచేస్తాడు, తండ్రిని నాన్నగారూ అని పిలుస్తాడు. నిలబడి చదవడం మొదలుపెట్టాడు. "ఈ పొలము అనంతయ్య పటేల్ గారి సాగులో ఉన్నదని నాకు తెలుసు. ఎందుకనగా మా చెలక గట్టు మీదినుంచి నేను రోజూ చూచితిని. తహసీల్దారు సదానందం గారిని లంచగొండిగా పట్టించుటకు పటేల్ గారు మాకు ఇచ్చిన ఎడ్లబండి ఈ పొలములోనుండియే వచ్చినది. ఆ బియ్యము సారు అరుగు మీద ఉన్నదని పటేల్ గారు బండి ఇచ్చుటకు ఒక రోజు ముందే అర్జీ రాసియుండిరి. ఆ అర్జీ నకలు జతపరచడమైనది..." అక్కడ ఆగాడు.

"చదువు. ఇంక రెండు పేజీలున్నయి" అన్నాను.

చదివాడు. నిజం చెప్పిన ఆడవాళ్ల పేర్లు, భయపడి పట్టాలిచ్చేసినవాళ్ల పేర్లు, మా అవ్వ దవాఖానలో అన్న మాట. అతని గొంతు రానురాను సన్నబడింది. నేను గట్టిగా చదవమని మళ్లీ చెప్పాల్సి వచ్చింది. అయిపోయాక కాగితాలు బల్ల మీద పెట్టాడు.

"ఆ ముచ్చట తీసెయ్యి బిడ్డా. పొలం సంగతి ఒక్కటి రాయి" అన్నాడు ముసలాయన. ఇప్పుడు ఆయనకు అంతా యాదికొచ్చింది. గొంతులో తెలిసింది.

"తీసేస్తె నా సంతకం గుడ తీసేస్త పటేలా. పెట్టుకుంటె గిదే పెట్టుకోండ్రి."

"ఆ సారు బతికున్నడా?"

"లేడు."

"మీ అవ్వ?"

"ఎప్పుడో పోయింది."

ఆయన ఊపిరి తీసుకున్నాడు. నవ్వబోయినట్టు పెదాలు కదిలాయి. "మరి ఎవల కోసమమ్మా గిదంత? ఆఫీసుల పడేస్తరు. ఎవలు చదువుతరు?"

"మీ కొడుకు చదివిండు కద" అన్నాను.

ముసలాయన మోహన్ ఉన్న వైపు ముఖం తిప్పాడు. కొడుకు తనను ఎట్లా చూస్తున్నాడో ఆయనకు కనబడలేదు. నాకు కనబడింది.